అల్మరా నిండితే కారు మెరవదు

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు, లేదా వచ్చినా జాయినింగ్ తేదీ చెప్పలేదు. ఇంటి ముందు నాన్న కొన్న సెకండ్ హ్యాండ్ కారు ఉంది. చిలకలూరిపేట రోడ్డు దుమ్మంతా దాని మీదే ఉంది. రాత్రి ఫోన్‌లో ఎవరో బురద కొట్టుకుపోయిన కారుని అద్దంలా మార్చిన వీడియో చూశారు. తెల్లారేసరికి మీ కార్ట్‌లో పద్నాలుగు వస్తువులు! షాంపూ, స్నో ఫోమ్, క్లే బార్, ఐరన్ రిమూవర్, మూడు రకాల పాలిష్, వ్యాక్స్, సిరామిక్ స్ప్రే, టైర్ షైన్, డ్యాష్‌బోర్డ్ షైన్... మొత్తం ఆరు వేలు దాటింది. డబ్బు కట్టే బటన్ నొక్కే ముందు ఓ పది నిమిషాలు ఆగండి.

కారుని సొంతంగా కడుక్కుని, మెరిపించుకోవడం మంచి హాబీ. ఒళ్లు వంచి చేసే పని, ఫలితం కళ్లముందే కనిపిస్తుంది. ఉద్యోగం కోసం ఎదురుచూసే రోజుల్లో మనసుకి కాస్త ఊరట కూడా. నా అభ్యంతరం హాబీ మీద కాదు, కొనే వరస మీద. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కారుని ఒక్కసారైనా సరిగ్గా కడగకముందే సిరామిక్ కోటింగ్ సీసా ఇంటికొస్తోంది. నేను చెప్పేది ఒక్కటే. మొదటి మూడు నెలలకి అయిదు వస్తువులు చాలు. ఆరోది ఏమిటో వీడియో కాదు, మీ కారే చెప్పాలి.

మన దుమ్ము వేరు, మన నీళ్లు వేరు

విదేశాల్లో తీసిన వీడియోల్లో కార్ల మీద ఉండే మురికి వేరు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. దాని కోసం తయారైన సరుకు మన గుంటూరు, ప్రకాశం రోడ్లకి అక్కర్లేదు. మనది నల్లరేగడి. బంకమట్టి పాలు ఎక్కువ. వానల్లో మడ్‌గార్డుల లోపల ముద్దలుగా అతుక్కుంటుంది, ఎండితే గట్టిపడిపోతుంది, వేసవిలో మెత్తటి పొడిలా లేచి బానెట్ మీద పరుచుకుంటుంది. మిర్చి సీజన్లో టిక్కీలు వేసుకుని లారీలు, ట్రాక్టర్లు గుంటూరు యార్డుకి బారులు కట్టే రోజుల్లో, రోడ్డు పక్క ఊళ్లలో ఉదయం కడిగిన కారు సాయంత్రానికి మళ్లీ మామూలే.

ఈ దుమ్ముని పొడి గుడ్డతోనో, ఈకల కుంచెతోనో దులపడం మనకి అలవాటు. పెయింటుకి అదే పెద్ద శత్రువు. మట్టిలోని సన్నటి రేణువులు గుడ్డ కింద ఇసుక కాగితంలా పనిచేస్తాయి. ఎండలో చూస్తే సాలెగూడులా గుండ్రంగా కనిపించే గీతలు చాలావరకు ఇలా వచ్చేవే. వీటినే స్విర్ల్ మార్క్స్ అంటారు. వాటిని రానీకుండా చూసే మందు ఏ సీసాలోనూ లేదు. ముందు నీళ్లు పోసి మట్టిని నాననిచ్చి, వదిలినంత వదిలించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. దీనికి ఖర్చు సున్నా.

ఇక నీళ్లు. కనిగిరి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మెట్ట ఊళ్లలో చాలా బోర్లవి కఠిన జలాలు, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు కారు మీద ఆరిపోతే తెల్లటి చుక్కలు మిగులుతాయి. వెంటనే 'వాటర్ స్పాట్ రిమూవర్' అని వెతకడం మొదలుపెడతాం. అది కొనే ముందు మూడు పనులు చేసి చూడండి. పొద్దున్నే, నీడలో కడగండి. ఒక్కో భాగాన్నీ కడిగిన వెంటనే తుడిచేయండి. చివరిగా ప్లాంటు నుంచి తెచ్చుకునే మంచినీళ్ల క్యాను ఒకటి మగ్గుతో పైనుంచి పోయండి. ఇంట్లో ఆర్వో యంత్రం వదిలేసే వృథా నీళ్లు మాత్రం చివరి విడతకి వాడకండి. వాటిలో లవణాలు మామూలు నీళ్లకంటే చిక్కగా ఉంటాయి.

ఆ అయిదు ఇవే

ఒకటి, రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. కారు మీద రుద్దిన ప్రతిసారీ ముందు ఉత్త నీళ్లలో ముంచి మట్టి వదిలించి, తర్వాతే షాంపూలో ముంచాలి. ఇవి కొననక్కర్లేదు, ఇంట్లో ఉన్నవే చాలు.

రెండు, అర లీటరు కారు షాంపూ. 'పీహెచ్ న్యూట్రల్' అని రాసి ఉన్నది తీసుకోండి. బట్టల పౌడరు వద్దు, దాంట్లో క్షార గుణం ఎక్కువ. గిన్నెలు తోమే ద్రవం ఎప్పుడూ వాడితే పెయింటు మీది వ్యాక్స్ పొర కూడా జిడ్డుతోపాటే పోతుంది.

మూడు, ఒక మైక్రోఫైబర్ వాష్ మిట్. చేతికి తొడుక్కునే గ్లవ్‌లాంటిది. నాలుగు, మైక్రోఫైబర్ తువ్వాళ్లు: తుడవడానికి పెద్దది ఒకటి, మిగతా పనులకి చిన్నవి నాలుగు. అయిదు, చక్రాలకి విడిగా ఒక బ్రష్షు. చక్రాలకి వాడింది బానెట్ మీద పెట్టకూడదు, అంతే.

పత్తి పండే నేల మీద ఉండి పాత బనియన్ గుడ్డ వద్దంటున్నాడేంటి అనుకోవచ్చు. ఇంజిన్ ఆయిల్ తుడవడానికి బనియన్ గుడ్డ బంగారం. పెయింటుకి మాత్రం మైక్రోఫైబరే నయం. పాలిస్టర్, పాలిఅమైడ్‌లతో చేసిన సన్నటి పోగులు దుమ్ముని తమలోకి లాక్కుని పెయింటుకి దూరంగా ఉంచుతాయి. వీటిని మామూలు బట్టలతో కలిపి ఉతికితే నూలు పీచంతా పట్టేస్తుంది, కాబట్టి విడిగా ఉతకండి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వద్దు. నేలమీద పడిన తువ్వాలు ఉతికేదాకా మళ్లీ కారు ఎక్కకూడదు.

బ్రాండు పిచ్చి లేకపోతే ఇవన్నీ కలిపి సుమారు పదిహేను వందల్లో వస్తాయి. లోపలి భాగానికి ఇంట్లో వ్యాక్యూమ్ ఉంటే అది, లేకపోతే పాత పెయింట్ బ్రష్షు, తడి గుడ్డ.

ఇంట్లో బ్యాటరీ స్ప్రేయర్ ఉంది కదా, ఫోమ్ కొట్టడానికి వాడదాం అన్న ఆలోచన వస్తే వెంటనే మానుకోండి. పురుగుమందులు కొట్టిన ట్యాంకులో అవశేషాలు ఉంటాయి, అవి మీ చేతులకీ ఒంటికీ తగులుతాయి. అలాగే షాంపూ, క్లీనర్ కలిపిన నీళ్లని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి. ఇంట్లో పిల్లలుంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఒక సీసా ఎన్నాళ్లొస్తుంది?

ఎక్కువ కొనేవాళ్లు వేయనిది ఈ చిన్న లెక్కే. పది లీటర్ల బకెట్‌కి 25 మిల్లీలీటర్ల షాంపూ వేస్తారనుకుందాం. అర లీటరు సీసా 20 సార్లు వస్తుంది. నెలకి రెండుసార్లు కడిగితే పది నెలలు. 'అయిదు లీటర్ల క్యాన్ అయితే చవక' అని తీసుకున్నారనుకోండి. 200 సార్లు, అంటే ఎనిమిదేళ్లకి పైనే! ఈలోపు మీకు ఉద్యోగం వస్తుంది, ఊరు మారుతుంది, కారే మారుతుంది.

వ్యాక్స్ 200 గ్రాముల డబ్బా తీసుకోండి. పల్చగా రాస్తే చిన్న కారుకి ఒకసారికి 20 గ్రాములు సరిపోతుంది. అంటే పదిసార్లు. రెండు నెలలకోసారి రాసినా ఏడాదిన్నర దాటుతుంది. లోపలి భాగానికి వాడే ఆల్ పర్పస్ క్లీనర్ ఒక లీటరుకి పది లీటర్ల నీళ్లు కలిపితే పదకొండు లీటర్లు అవుతుంది. అన్ని లీటర్లతో మీ కారొక్కటే కాదు, వీధిలో ఉన్న కార్లన్నీ శుభ్రం చేయొచ్చు.

మిగిలింది దాచుకుంటే పోలా అనకండి. ఈ ద్రవాలకి ఆయుష్షు ఉంటుంది, ఎండ పడదు. రెంటచింతల వేసవి ఎలా ఉంటుందో మీకు తెలుసు. మే నెలలో డిక్కీలో వదిలేసిన సీసా విరిగిన పాలలా విడిపోవచ్చు. సిరామిక్ కోటింగ్ అయితే ఒకసారి మూత తీస్తే గాలిలో తేమకే గట్టిపడటం మొదలుపెడుతుంది. అందానికి పెట్టిన సొమ్ము ఆపదలో ఆదుకుంటుందని పెద్దలంటారు. బంగారం విషయంలో నిజం. సగం వాడిన పాలిష్ సీసాని ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు.

పరీక్ష చేశాకే మందు

2021-22 సీజన్లో మిర్చి మీద కొత్త రకం తామర పురుగు విరుచుకుపడింది. అప్పుడు మన రైతులు ఎంత నలిగిపోయారో మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవర్నడిగినా చెబుతారు. ఒక మందు పనిచేయలేదని ఇంకోటి, అదీ పనిచేయలేదని రెండు కలిపి కొట్టారు. పురుగు లొంగలేదు, మందుల షాపు బాకీ మాత్రం పెరిగింది. అప్పుడు శాస్త్రవేత్తలు నీలం రంగు జిగురు అట్టలు పెట్టి ఉధృతి చూసుకోమని, విచక్షణ లేకుండా మందులు కలిపి కొట్టొద్దని చెప్పారు. రైతు కష్టానికీ మన సరదాకీ పోలిక లేదు. అక్కడ పోయింది బతుకుతెరువు, ఇక్కడ పోయేది పాకెట్ మనీ. కానీ ముందు సమస్యేంటో చూడు, తర్వాత మందు కొను అన్న సూత్రం రెండింటికీ ఒకటే.

కారుకి కూడా మూడు పరీక్షలున్నాయి. మూడింటికీ పైసా ఖర్చు లేదు.

మొదటిది కవరు పరీక్ష. కారు కడిగి ఆరాక, పల్చటి పాలిథీన్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా జరపండి. నున్నగా జారిపోతే క్లే బార్ అవసరం లేదు. గరుకుగా తగిలితే, కడిగినా పోని మురికి పెయింటుకి అంటుకుని ఉందన్నమాట. అప్పుడే క్లే బార్ కొనండి.

రెండోది నీళ్ల పరీక్ష. శుభ్రమైన బానెట్ మీద మగ్గుడు నీళ్లు పోయండి. చుక్కలుగా గుండ్రంగా నిలబడితే రక్షణ పొర ఇంకా ఉన్నట్టే. పరుచుకుని పలకలా ఉండిపోతే వ్యాక్స్ వేసే సమయం వచ్చింది. మీ ఆరో వస్తువు బహుశా ఇదే అవుతుంది.

మూడోది టార్చి పరీక్ష. నీడలో ఫోన్ టార్చి వేసి పెయింటుని చూడండి. గీతలు కనిపిస్తే గోరుతో మెల్లగా తడమండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది, మామూలు పాలిష్‌తో పోదు. గోరు తట్టుకోకపోయినా వెంటనే పాలిష్ మిషను కొనకండి. ఎందుకో చెబుతాను.

వీటిని వాయిదా వేయండి

కారు మీది మొత్తం పెయింటు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన మెరుపునిచ్చే క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే పల్చన! పాలిష్ అంటే ఆ పొరని కొద్దికొద్దిగా అరగదీయడమే. అరిగిన పొర మళ్లీ పెరగదు. సెకండ్ హ్యాండ్ కారైతే మీకంటే ముందు ఎంతమంది ఎన్నిసార్లు అరగదీశారో తెలియదు. చెయ్యి తిరగకుండా మిషను పట్టుకుంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు, నాన్న కారు పెయింటు కూడా. గీతలు నిజంగా ఇబ్బంది పెడుతుంటే ఆటోనగర్‌లో పాత డోరో, బానెట్టో దొరుకుతుందేమో చూసి, ముందు దానిమీద చెయ్యి తిప్పుకోండి.

సిరామిక్ కోటింగ్ ఇంకా తర్వాత. అది గీతల్ని పోగొట్టదు, వాటితో సహా పైన గట్టి పొర వేస్తుంది. మచ్చలు పడితే తీయడానికి మళ్లీ పాలిషే దిక్కు.

ఐరన్ రిమూవర్ చల్లగానే ఊదారంగులోకి మారడం వీడియోలో భలే ఉంటుంది. అది బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను మీద పనిచేసే మందు. చక్రాలకి గట్టిగా పట్టేసి, షాంపూతో పోకపోతే అప్పుడు ఆలోచించండి.

టైర్ షైన్, డ్యాష్‌బోర్డ్ షైన్ సంగతికొస్తే, జిడ్డుగా మెరిసేవాటికి దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. మన రోడ్ల మీద టైరు మెరుపు మొదటి మలుపు దాకానే. డ్యాష్‌బోర్డ్ మెరిస్తే ఆ వెలుగు ముందు అద్దంలో పడి డ్రైవింగ్‌కి అడ్డు కూడా.

వీడియో కింద లింకు ఎందుకుంటుంది?

టెక్ వస్తువుల గురించి రాసే పనిలో ఉన్నవాడిగా ఈ వ్యవహారం నాకు దగ్గరగా తెలుసు. చాలా వీడియోల కింద ఉండే లింకుల నుంచి మీరు కొంటే, ఆ వీడియో చేసినవాళ్లకి కొంత కమీషన్ వెళుతుంది. అది తప్పేమీ కాదు, చెప్పి చేస్తే చాలు. డబ్బు గానీ, ఉచిత వస్తువులు గానీ తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. 'ఈ వస్తువు మీకు అవసరం లేదు' అని చెప్పే వీడియోకి ఎవరూ కమీషన్ ఇవ్వరు. అందుకే ఆ మాట మీకు తక్కువగా వినిపిస్తుంది.

'కిట్‌లో కొంటే చవక కదా' అన్నది రెండో వల. ఆరు వేల కిట్ 40 శాతం తగ్గింపుతో 3,600కి వచ్చిందనుకుందాం. పన్నెండు సీసాల్లో మీరు నిజంగా వాడేవి మూడు. ఆ మూడూ విడిగా కొంటే వెయ్యి రూపాయలు. అంటే మీకు వచ్చింది 2,400 లాభం కాదు, 2,600 నష్టం. అమ్మేవాళ్లు తగ్గించింది ధర, పెంచింది మీ బిల్లు.

సైడ్ బిజినెస్ చేస్తామనేవాళ్లకి

'ఇంటింటికీ వెళ్లి కార్లు కడిగే పని పెట్టుకుంటా, అందుకే సరుకు కావాలి' అనేవాళ్లున్నారు. మంచి ఆలోచనే. గుంటూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో కార్లు పెరుగుతున్నాయి, కడిగే తీరిక తగ్గుతోంది. అయినా వరస మారదు. ముందు ఆ అయిదు వస్తువులతోనే బంధువులవీ, వీధిలోవాళ్లవీ పది కార్లు కడగండి. ఒక్కోదానికి ఎంత సమయం పట్టింది, ఎన్ని నీళ్లు అయ్యాయి, షాంపూ ఎంత ఖర్చయింది, యజమాని దేనికి సంతోషించాడు, దేనికి మొహం చిట్లించాడు, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. పదకొండో కారుకి ఏం కొనాలో ఆ నోట్‌బుక్కే చెబుతుంది. ఆ పదిమందిలో కనీసం ముగ్గురు డబ్బులిచ్చి మళ్లీ పిలిస్తే, అప్పుడు పెట్టుబడి గురించి మాట్లాడుకుందాం. ఎవరూ పిలవకపోతే? మీకు పోయింది పదిహేను వందలే. బకెట్లు ఎలాగూ ఇంట్లోవే.

ఉద్యోగానికీ దీనికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. ఉద్యోగ వేటలో ఉన్న విద్యార్థికి ఆరు వేలంటే హైదరాబాద్‌లో దాదాపు ఓ నెల హాస్టల్ ఖర్చు. కొన్ని పరీక్షల ఫీజులు, రెండు మూడు ఇంటర్వ్యూలకి రానుపోను చార్జీలు. ఇది మొదటి సంగతి.

రెండోది ఇంకా ముఖ్యం. ఏమీ కదలని రోజుల్లో వస్తువు కొనడం ముందుకెళ్లినట్టే అనిపిస్తుంది. పార్శిల్ రాగానే 'మొదలుపెట్టేశాం' అన్న తృప్తి. కానీ నేర్చుకున్నది ఏమీ లేదు. ఆన్‌లైన్ కోర్సుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. తగ్గింపు ఉందని పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్ అన్నీ కలిపి ఎనిమిది కోర్సులు కొంటారు. ఒక్కదాంట్లోనూ మూడో పాఠం దాటరు. సర్టిఫికెట్ల వరస పెరుగుతుంది, ఒక చిన్న ప్రోగ్రామ్ రాయమంటే చెయ్యి ఆడదు. అల్మరాలో సీసాలకీ, లాగిన్‌లో కోర్సులకీ పెద్ద తేడా లేదు.

మూడోది ఇంటర్వ్యూ. రెజ్యూమేలో హాబీ 'కార్ డిటెయిలింగ్' అని రాశారనుకోండి. 'నాకు పన్నెండు రకాల ప్రొడక్టులున్నాయి' అంటే ఆ సంభాషణ అక్కడితో అయిపోతుంది. 'మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, అందుకని మరకలు పడేవి. కడిగే వేళ మార్చి చూశాను, తుడిచే పద్ధతి మార్చి చూశాను, చివరి నీళ్లు మార్చితే మరకలు తగ్గాయి' అని చెప్పండి. ఎదుటివాళ్లు కుర్చీలో ముందుకి జరుగుతారు. సమస్యని గుర్తించడం, ఒక్కో కారణాన్నీ విడదీసి చూడటం, తక్కువ ఖర్చుతో పరిష్కరించడం. కంపెనీలు ఇంజినీరులో వెతికేది ఇదే. మీ దగ్గర ఉన్న సీసాల సంఖ్య ఎవరూ అడగరు.

కాబట్టి ఇవాళ కార్ట్ ఖాళీ చేయండి. అయిదే ఉంచండి. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి కారుని చెట్టు నీడలోకి తీసుకొచ్చి, నీళ్లు పోసి, రెండు బకెట్లతో నిదానంగా కడగండి. తర్వాత కవరు, నీళ్లు, టార్చి పరీక్షలు చేసి, ఫలితం తేదీతో సహా రాసుకోండి. మూడు నెలలు ఇలా చేశాక ఆ పేజీలు తిరగేస్తే మీ కారుకి ఏం తక్కువైందో మీకే అర్థమవుతుంది. అప్పుడు దాన్ని ధైర్యంగా కొనండి, మంచిదే కొనండి. అప్పటిదాకా నియమం ఒక్కటే: చేతిలో ఉన్న సీసా అయిపోయాకే ఇంకో సీసా.